చేతికందినదెల్ల వాద్యమే

వాద్యమును సాధించినవానికి ఆ వాద్యమే ఇంటిపేరగుట మన దేశమున చిరకాలముగ వచ్చుచున్న మర్యాద. వీణ ధనమ్మాళ్ పేరు తలచినను, ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ‘ఫిడేలు నాయుడుగారు’ అని జనులు నోరార పిలుచుకొన్న తీరు తలచినను, పాలకొల్లున పుట్టిన శ్రీనివాసు లోకమునకంతకు మాండలిన్ శ్రీనివాసుగనే మిగిలిపోవుట తలచినను, తాతముత్తాతలనాటి వంశనామమును ఒక కొయ్యయు నాలుగు తీగెలును కలసి ఎంత సులువుగ పక్కకు నెట్టగలవో తెలియును. ఈ గౌరవములో ఒక షరతు ఇమిడియున్నది. అట్టి పేరు తెచ్చుకొన్నవాడు జీవితాంతము ఆ వాద్యమునే అంటిపెట్టుకొని యుండవలెను; మరియొకదానిని ముట్టినచో అది ఇంటిలో సరదాకే గాని సభలో ప్రదర్శనకు కాదు. వాద్యవిషయమున మనవారు విధించినది ఏకపత్నీవ్రతము. ఆ వ్రతము తప్పినవానిని పాపి యనరు. ‘అన్నిటను వేలు పెట్టినవాడు’ అని ఒక చిరునవ్వు నవ్వి ఊరకుందురు. ఆ నవ్వు శాపముకంటె తక్కువది కాదు.

ఈ మర్యాదలో పెరిగిన చెవికి స్కాట్లండు దేశస్థుడైన రాబిన్ విలియమ్సన్ మొదట చిరాకే కలిగించును. 1968 మార్చిలో ‘ది హ్యాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్’ అను గీతసంపుటి వెలువడినది. ‘ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్’ అని గంభీరముగ పేరు పెట్టుకొన్న బృందము దానిని పాడినది. బృందమనగా నాటికి ప్రధానముగ ఇద్దరే మనుష్యులు. ఆ రికార్డునందలి వాద్యముల పట్టిక చూచినచో విలియమ్సన్ పేరునకెదురుగ గిటారు, గింబ్రి, తగరపు పిల్లనగ్రోవి, తాళవాద్యములు, ప్యాన్ పైపు, పియానో, ఊద్, మాండలిన్, మోర్సింగు, షెహనాయి, వాటర్ హార్ప్, హార్మోనికా అని బారుగ కనబడును. అందులో షెహనాయి అక్షరములు వంకర తిరిగి ‘చాహనాయి’ యైనవి. అతని సహచరుడు మైక్ హెరాన్ ఎదుట సితారు, హ్యామండ్ ఆర్గను, గిటారు, హ్యామర్డ్ డల్సిమర్, హార్ప్సికార్డు ఉన్నవి. ఇద్దరికిని కలిపి నాలుగు చేతులే గదా యను సందేహము చదువరికి రాక మానదు. ఆ సందేహమును తీర్చినది లండను నగరమున చెల్సియా ప్రాంతములో ఒకప్పటి పాలడెయిరీ భవనమున నెలకొనిన సౌండ్ టెక్నిక్స్ స్టూడియో. పలు వరుసల టేపుపై ఒకదాని మీద నొకటిగ ధ్వనులను నింపు సౌకర్యము అపుడపుడే చేతికి వచ్చుచుండెను. నిర్మాత జో బాయిడ్, ధ్వనిముద్రకుడు జాన్ వుడ్, గాజుతెరకు ఆవల ఓపికతో కూర్చుండగా, నిన్న పాడిన గొంతునకు నేడు తానే వేణువుతో బదులు చెప్పుట మనుష్యునకు సాధ్యమైనది. ఇంత విపరీతమైన సంపుటి బ్రిటిష్ విక్రయముల పట్టికలో 5వ స్థానమువరకు ఎక్కినది. నాటి శ్రోతలు మనకంటె ఓపికమంతులని యొప్పుకొనక తప్పదు.

విలియమ్సన్ 1943లో ఎడింబరోలో పుట్టెను. 15వ ఏట బడి విడిచి పాటనే వృత్తిగ గైకొనెను. ఆ నగరములో అతనితో ఒకే వాటాలో కాపురముండిన యువకులలో బెర్ట్ జాన్ష్ ఒకడు. ఇద్దరును ఒకే యేట పుట్టినవారు, 1963లో కలసి లండనునకు దారిపట్టినవారు. జాన్ష్‌కు అప్పటికి సొంత గిటారైనను లేదు. 1965లో వెలువడిన అతని తొలి సంపుటి, ఎరువు గిటారుతో, ఒక ధ్వనిముద్రకుని యింటిలో టేపుయంత్రము ముందు కూర్చుండి వాయించినది. ఎరువుదే కాని, ఆ పిమ్మట బ్రదికినన్నాళ్ళును గిటారే అతని లోకమై, ఆ దేశమున గిటారు పట్టిన ప్రతి కుఱ్ఱవాడును అతని వ్రేళ్ళవంక చూచునట్టి దశ వచ్చినది. అందె వేసిన చేయి యనగా అదే. మనవారి లెక్క ప్రకారము ఆ వాటాలోనుండి బయలుదేరిన ఇద్దరిలో రాజమార్గమున పోయినవాడు జాన్ష్. విలియమ్సన్ మాత్రము ఎడింబరోకు తిరిగిపోయి, క్లైవ్ పామర్ అను బాంజో వాద్యకారునితో జతకట్టి, జానపదుల పాటలకు ఫిడేలు వాయించుచు కాలము గడుపుచుండెను. కొన్నాళ్ళకు గిటారు కొరకు హెరాన్‌ను చేర్చుకొనిరి. 1966లో గ్లాస్గోలో సాకీహాల్ వీథిలో పామర్ ఒక పాటలశాల నడపెను. తెల్లవార్లు పాటలు సాగు ఆ శాలపేరే బృందమునకు పేరైనది. ఆ యేడే ఎలెక్ట్రా సంస్థ తరఫున జో బాయిడ్ వారి తొలి సంపుటిని ముద్రించెను.

సంపుటి చేతికి వచ్చినపుడు లోకములో ఎవరైనను చేయు పని, ఊరూర తిరిగి దానిని అమ్ముకొనుట. వీరు చేసినది వేరు. పామర్ అఫ్గానిస్తానము మీదుగ హిందూదేశమునకు బయలుదేరెను. విలియమ్సన్ తన స్నేహితురాలు లికరిస్ మెక్‌కెక్నీతో మొరాకోకు పోయెను. తిరిగి వచ్చు తలంపే లేదు. చేతిలో డబ్బు నిండుకొన్నందున వచ్చెనే గాని, లేకున్నచో ఈ కథ ఇచ్చటితో ముగిసియుండెడిది. వచ్చునపుడు మాత్రము వట్టి చేతులతో రాలేదు. ఆ దేశపు వేణువులును తీగెల వాద్యములును మూట కట్టుకొని తెచ్చెను. వానిలో ఒకటి గింబ్రి.

గింబ్రిని గూర్చి ఒకింత చెప్పవలెను. తోలు కప్పిన డొల్ల, దానిలోనికి దూర్చిన గుండ్రని కఱ్ఱ మెడ, మూడు తీగెలు. అంతకుమించి దానిలో ఏ నగిషీయు లేదు. ఆ దేశస్థులు దానిని మీటి వాయింతురు. తోలుపై వ్రేలి దెబ్బయు తీగె మ్రోతయు ఏకమై వెలువడుటయే దాని సొగసు. 1967లో వెలువడిన ‘ది 5000 స్పిరిట్స్ ఆర్ ది లేయర్స్ ఆఫ్ ది ఆనియన్’ అను రెండవ సంపుటిలో విలియమ్సన్ ఆ గింబ్రిపై ఫిడేలు కమాను పెట్టి ఒరసెను. హెరాన్ వ్రాసిన ‘చైనీస్ వైట్’ అను మొదటి పాటలోనే ఆ ధ్వని వినబడును: ముక్కుతో మూలుగుచున్నట్లుండు బొంగురు స్వరము, పాటకు అడుగున ఎచ్చటనో సాగుచు, శ్రుతికి అంటియు అంటక, చెవిని గిల్లుచు పోవును. మొరాకోలో ఎవరైనను విన్నచో ‘అయ్యా, దానిని అట్లు కాదు వాయించుట’ అని చేతిలోనుండి లాగుకొని చూపించియుందురు. చూపించువారు లేకపోవుటయే ఆ ధ్వనికి పుట్టుక.

గురువు లేని విద్య గ్రుడ్డిదని మన పెద్దలు చెప్పిరి. విలియమ్సన్ గింబ్రిని విన్నపుడు నాకు ఆ మాటయే నోటికి వచ్చినది. కాని వెంటనే మన ఫిడేలు జ్ఞాపకము వచ్చి నోరు మూతపడినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు తెల్లవారి బ్యాండులో కనబడిన ఆ వాద్యమును చేత బుచ్చుకొన్నపుడు మనవారు చేసినది ఏమి? నిలుచుండి వాయించుదానిని నేలమీద చతికిలబడి పట్టిరి. గడ్డముక్రింద నిలువవలసినదానిని ఛాతీకి ఆనించి తలను పాదముపై మోపిరి. తీగెల శ్రుతిని మన గొంతుకు తగినట్లు మార్చిరి. స్వరమునుండి స్వరమునకు జాగ్రత్తగ అడుగు వేయుటకు అలవడిన వ్రేళ్ళను తీగెపై జారించిరి. ఇటలీలో ఎవరైనను చూచినచో వారును ‘అయ్యా, అట్లు కాదు’ అనియే యందురు. మనము వినలేదు. విననందువలననే ద్వారంవారు మనకు దక్కిరి. కనుక పరదేశపు వాద్యమును తలక్రిందులుగ పట్టుట అపరాధమని తీర్పు చెప్పు అధికారము, అందరికంటె తక్కువ మనకే యున్నది.

ఐనను రెండింటికిని భేదము లేకపోలేదు. ఫిడేలు మన పాటలో ఒదుగుటకు తరములు పట్టినది; దానివెనుక ఒక బాణీ, ఒక శిష్యపరంపర, తప్పు వాయించినపుడు తల అడ్డముగ త్రిప్పు పదిమంది రసికులు ఉండిరి. విలియమ్సన్‌కు ఉన్నది ఒక ఋతువు. ఒక మనుష్యుడు ఒక ఋతువులో ఒక వాద్యముతో చేయగల స్నేహమెంత? ఈ ప్రశ్నను మనసున పెట్టుకొని ఆ రెండు సంపుటులను వినినచో, ఏది నిలిచినది, ఏది తేలిపోయినది నిస్సంకోచముగ చెప్పవచ్చును. షెహనాయి నిలువలేదు. పెండ్లిపందిళ్ళలో సన్నాయి విని పెరిగినవానికి, బిస్మిల్లాఖాన్ రికార్డు ఒక్కటియైన విన్నవానికి, ఆ ఊపిరి చాలని కూత పండ్లు జివ్వుమనిపించును. 1967 నాటి సంపుటిలోని సితారు కథ వేరు. దానిని వాయించినది వారిద్దరిలో ఎవరును గాదు. ‘సోమ’ అను మారుపేరుతో అట్టపై కనబడు ఆయన, లండనులో హిందూస్థానీ సంగీతమును శాస్త్రముగ బోధించుచుండిన నజీర్ జైరజ్‌భాయ్. తెలియనిచోట తెలిసినవానిని పిలుచుట యను వివేకము ఆ యేడు వారికుండెను. మరుసటి యేడు హెరాన్ తానే సితారు పట్టెను. ధైర్యమునకు మెచ్చవచ్చును, వాదనమును మెచ్చుట కష్టము.

నిలిచినవేవియో చూచినచో ఒక సంగతి బోధపడును. విలియమ్సన్ గొంతు వింతది. అది ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు మెట్లెక్కినట్లు పోక, మనవారు జారు అని చెప్పు గమకమువలె జారును, మధ్యలో తూగును, పదము ముగిసినను ముగియక మెలికలు తిరుగును. స్కాట్లండు ఉత్తరభాగపు గేలిక్ ప్రార్థనల సాగతీతయు, అరబ్బుల ఆలాపనయు అందు కలసి వినవచ్చును. అట్టి గొంతుకు, మెట్లు బిగించిన గిటారు తోడు చాలదు. పక్కన నడచుటకు జారెడు తీగె కావలెను, ఊగెడు ఊపిరి కావలెను, శ్రుతిలో ఒక వెంట్రుకవాసి అటునిటు పోవుటకు సిగ్గుపడని వాద్యము కావలెను. ఊద్, కమాను పెట్టిన గింబ్రి, తగరపు పిల్లనగ్రోవి, ఇవియన్నియు ఆ గొంతు తన తోడు కొరకు తలుపు తట్టిన యిండ్లు. గొంతు ముందు నడచి వాద్యము వెనుక వచ్చినచోట పాట నిలిచినది. ‘ఇదిగో, ఇదియు మాకున్నది’ అని వాద్యము ముందునకు తోసుకొని వచ్చినచోట తేలిపోయినది. 13 నిముషములు సాగు ‘ఎ వెరీ సెల్యులార్ సాంగ్’ను హెరాన్ వ్రాసెను, బహామా దీవుల వీడ్కోలు భక్తిగీతమునుండి ఏకకణజీవి మనోభావమువరకు అందు లేని ఘట్టము లేదు, ఘట్టమునకొక వాద్యము మారును. చమత్కారమున దానిని మించినది ఆ సంపుటిలో లేదు. ఐనను మరల మరల వినుటకు నా చేయి పోవునది విలియమ్సన్ ఒంటరిగొంతు సాగు పాటలవైపునకే.

ఈ విషయమున మనకును సాక్షి యున్నాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వయొలిను వాయించిరి, వయోలా వాయించిరి, మృదంగమును కంజిరను సభలలో పట్టిరి. ఏకవాద్యవ్రతమును ఇంత బాహాటముగ భంగపరచినవారు మనలో అరుదు. వారిని ఎవరును ‘అన్నిటను వేలు పెట్టినవాడు’ అనలేదు. కారణము స్పష్టమే: వారు గాయకులు, తక్కినవన్నియు ఆ గానమునకు చేతులు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారివంటి గురువు వెనుక నుండుటచే ఆ చేతులు ఎక్కడను తడబడలేదు. విలియమ్సన్‌కు గొంతున్నది, పంతులుగారు లేరు. నాకు తోచినంతవరకు అతని గొప్పతనమును, అతనితోడి నా పేచీయు, రెండును ఇందులోనే యున్నవి.

వేదికపై ఇన్ని వాద్యములతో కాపురము చేయుట ఎట్టిదో స్టూడియోలో తెలియదు. పాటకును పాటకును నడుమ ఒకటి దింపవలెను, మరియొకటి ఎత్తవలెను, శ్రుతి చేయవలెను. ఆ శ్రుతి చేయుట కొండవీటి చేంతాడై సాగుచుండగా శ్రోతలు నేలమీద కూర్చుండి ఎదురుచూచెడివారు. లికరిస్ బృందములో చేరినది. రోజ్ సింప్సన్ అను యువతియు చేరినది. ఈమె అంతకుముందు బేస్ గిటారు వాయించినది కాదు. అవసరము వచ్చినది గనుక నేర్చికొని వేదిక నెక్కినది. చేతికందినదెల్ల వాయించవచ్చునను నమ్మకము అంటువ్యాధివలె ఆ యింట అందరికిని సోకినది. 1969 ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ మహోత్సవమునకు వారిని పిలిచిరి. శుక్రవారపు రాత్రి, జానపద గాయకుల వంతున, వారు పాడవలసియుండెను. వాన కురిసినది, వానలో వాయింపమని వారనిరి. ఆ వంతు మెలనీ యను పిల్లకు పోయి, ఆమె పేరు ఒక్క రాత్రిలో దేశమంతట మ్రోగినది. వీరు మరునాటి మధ్యాహ్నము ఎండలో, గట్టి విద్యుద్గిటారుల బృందముల నడుమ, తమ్ము వినుటకు రాని జనుల యెదుట నిలిచి పాడిరి. ఆ ఉత్సవమును గూర్చి తీసిన ప్రసిద్ధమైన చలనచిత్రములో వారి జాడయే లేదు. వారిని మొండివారని నిందించినవారు కలరు. ఒక వాద్యమున్నవాడు దానిని చంకలో పెట్టుకొని గొడుగు క్రింద దూరవచ్చును. బండెడు వాద్యములున్నవాడు వానను జూచి జంకుట నాకు అంత వింతగ తోచదు.

1970లో ‘యు’ అను నృత్యనాటకమును తలకెత్తుకొని చేతులు కాల్చుకొనిరి. పిమ్మటి సంపుటులలో విద్యుద్వాద్యముల సందడి హెచ్చి, తొలినాటి వెఱ్ఱి తగ్గి, 1974లో బృందము విడిపోయినది. ఆ చివరి యేండ్లను గూర్చి చెప్పవలసినది ఎక్కువ లేదు.

నాకు ఆశ్చర్యము గొలుపునది దాని తరువాతి కథ. విలియమ్సన్ లాస్ ఏంజెలెస్‌లో కాపురము పెట్టెను. అచట అతడు చేసిన మొదటి పనులలో ఒకటి పుస్తకములు వ్రాయుట: 1976లో ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండు, ఐర్లండు దేశముల ఫిడేలు వరుసలను స్వరపరచి ఒక సంకలనమును, మరుసటి యేడు తగరపు పిల్లనగ్రోవి నేర్చువారికి ఒక బోధినిని ప్రకటించెను. తనకు దొరకని పంతులుగిరీని తానే యెత్తుకొన్నాడన్నమాట! ‘మెర్రీ బ్యాండ్’ అను కొత్త బృందమును కూర్చెను. అందులో సిల్వియా వుడ్స్ అను యువతి సెల్టిక్ హార్ప్ వాయించెడిది. 1979లో ఆ బృందమును చెదరినది. పిమ్మట అతడు తానే ఒడిలో హార్ప్ పెట్టుకొని, ఒక్కడును కూర్చుండి, పాతకథలు చెప్పుట మొదలిడెను. వేల్స్ దేశపు పురాణగాథలైన ‘మాబినోగి’ని ‘మూవింగ్ బీయింగ్’ అను నాటకసంస్థ ఆడినపుడు దానికి సంగీతము కూర్చెను. 1983లో అది సంపుటిగ వచ్చినది. ‘లెగసీ ఆఫ్ ది స్కాటిష్ హార్పర్స్’ అని స్కాట్లండు పూర్వపు హార్ప్ వాద్యకారుల వరుసలను వెదకి వాయించెను. ఒకే మనుష్యుడు కథ చెప్పి, పద్యమునకు రాగము తీసి, నడుమ వాద్యమును పలికించి, మరల వచనములో పడుట ఎట్టి విద్యయో ఆదిభట్ల నారాయణదాసుగారి పేరు విన్న తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. ఇన్ని వాద్యములు తిరిగిన చేయి మధ్యవయస్సున ఒకదానిపై కుదురుకొన్నది. కుదురుకొన్నది వాద్యము కొరకు కాదు, కథ కొరకు.

కుదురుకొన్నదని అనుకొనుచుండగనే అతడు మరల మన చేయి జారును. 2000 నుండి జర్మనీకి చెందిన ఇ.సి.ఎం. సంస్థ అతని సంపుటులను ప్రకటించినది. స్టీవ్ లేక్ వాని నిర్మాత. మొదటిదైన ‘ది సీడ్-ఎట్-జీరో’లో డిలన్ థామస్ పద్యములకు అతడు స్వరములు కట్టెను. 2002లో వచ్చిన ‘స్కర్టింగ్ ది రివర్ రోడ్’లో బ్లేక్, విట్‌మన్, హెన్రీ వాన్ కవుల పలుకులను పాడెను, వయోలా వాయించు మాట్ మానెరీవంటి జాజ్ విద్వాంసులు పక్కన నిలిచిరి. ఈ సంస్థ సంపుటులలో అతని వాద్యముల పట్టికను చూడుడు: హార్ప్, వేణువులు, వాటి నడుమ మోహనవీణ! విశ్వమోహన్ భట్టుగారు గిటారునకు అనునాదపు తీగెలు చేర్చి, ఒడిలో పెట్టుకొని లోహపు కడ్డీతో జార్చి వాయించుటకు రూపొందించిన వాద్యమే అది. అనగా పడమటి గిటారు మన దేశమునకు వచ్చి, మనవారి చేతిలో వేషము మార్చుకొని, అరువదియేండ్ల ప్రాయపు స్కాట్లండు కథకుని ఒడికి చేరినది. ఈ మారు నా చెవి నొవ్వలేదు. రాగము వాయించవలెనను పట్టుదల అతనికి లేదు, హిందూదేశమును జ్ఞప్తికి తేవలెనను కోరికయు లేదు. గొంతు జారినచోట తీగె జారును, గొంతు ఆగినచోట అనునాదము కొంత నిలిచి సన్నగిల్లును. 1968 నాటి షెహనాయికి లేని మర్యాద దీనికి అబ్బినది.

పాత బృందమును మరల చూడవలెనని కోరువారికి మాత్రము ఈ ప్రయాణముతో పని లేదు. 1999 మొదలు విలియమ్సన్, హెరాన్, పామర్ ముగ్గురును మరల కలసి పాత పాటలు పాడిరి. 2003లో విలియమ్సన్ విడిచి వచ్చెను. అభిమానులు నొచ్చుకొనిరి. ముప్పదియేండ్ల క్రిందటి తన తడబాట్లను తానే జాగ్రత్తగ, తప్పులతో సహా, ఒప్పచెప్పుట అతని స్వభావమునకు సరిపడదని వారికి తోచవలసినది. 2014లో, 70 ఏండ్లు పైబడిన వయస్సున, ‘ట్రస్టింగ్ ఇన్ ది రైజింగ్ లైట్’ అను సంపుటి వెలువరించెను. గొంతు ముదిరినది, అక్కడక్కడ చీలినది, జారు మాత్రము జారే.

ఇతనిని ఎచ్చటినుండి వినుట ఆరంభించవలెనని ఎవరైన అడిగినచో 1967 నాటి సంపుటినే చెప్పుదును. 1968 నాటిది దానికంటె ప్రసిద్ధమే గాని, కొత్తవారిని షెహనాయి తరిమివేయునను భయము నాకు కలదు. అది రుచింపనివారు ‘ది సీడ్-ఎట్-జీరో’ను పట్టుకోవచ్చును, అందు వాద్యముల తాకిడి తక్కువ. అదియు చెవికెక్కనిచో పేచీ లేదు. అతని పాత వాటాదారు జాన్ష్ గిటారు ఉండనే యున్నది, దానిని కాదనువారు ఇంతవరకు నాకు తారసపడలేదు.